మొగులమ్మ గాడి

సౌభాగ్యమ్మ బావి గట్టు మీద కూర్చుంది. పుష్యమాసపు ఎండ వీపు మీద మెత్తగా పడుతోంది, ఒళ్లో తాడు చుట్ట ఉంది, కడుపులో పొద్దున తిన్న జొన్నరొట్టె ఇంకా వెచ్చగానే ఉంది. మనిషికి ఇంతకన్నా ఏం కావాలి అనుకోబోయి, కావలసింది ఒకటుంది గదా అని గుర్తొచ్చి, నూరడుగుల అవతల ఉన్న డీజిలు బంకు వైపు చూసింది. అక్కడ నీళ్ల ఆఫీసు సారు సూర్యారావు, ఆయన దగ్గర కూలికి కుదిరిన యాదన్న, ఇద్దరూ ఏడో బొక్క మీద వంగి ఉన్నారు. యాదన్న చేతిలో బర్మా. బర్మా అంటే వడ్లాయన కట్టెకు చిల్లు పెట్టేది కాదు, ఇది మనిషెత్తు ఇనుపది, పైన అడ్డకర్ర, కింద మెలిక తిరిగిన రేకు. తిప్పుతూ పోతే నేల కడుపులో ఉన్న మట్టిని ఉన్నట్టే పైకి తెచ్చి చూపిస్తుంది. ఆరు బొక్కలు అయ్యాయి. ఆరింటిలోనూ మట్టి మట్టిలాగే ఉంది. ఇది కడపటిది. పగటి సైరను కూసే వేళకు జీపు వచ్చి సారును తీసుకుపోతుంది, ఆ తరువాత ఆయన కాగితం రాస్తాడు. ఆ కాగితం మీద బావి చెడింది నేల లోపలి నుంచి అని ఉండాలంటే ఈ బొక్కలో నూనె కనిపించాలి, కనిపించకపోతే పై నుంచి మనుషుల చేతుల మీదుగా చెడింది అని రాయక తప్పదు. మనుషులంటే ఏ మనిషో వాడంతా ఎరుగుదురు. మొగులమ్మ. ఆ పేరు మొదట పలికిన నోరు ఎవరిదో కూడా ఎరుగుదురు. ఆ నోరు ఇప్పుడు గట్టు మీద కూర్చుని తమలపాకు నములుతోంది.

నోటిని అని లాభం లేదు, తప్పంతా ముక్కుది. ఇంద్రేశంలో పుట్టిన నాటి నుంచీ ఆ ముక్కుకు పెద్ద పేరు. ఎవరింట్లో పోపు మాడుతోందో, ఏ బర్రె పాలు రేపటికి విరుగుతాయో, వాన కొల్లూరు దిక్కు నుంచి వస్తోందో సంగారెడ్డి దిక్కు నుంచి వస్తోందో కళ్లు మూసుకుని చెప్పేది. పెళ్లయి ఈ రోడ్డు పక్క వాడకు వచ్చాక అత్త కూడా కుండలో పప్పు పాచిపోయిందా లేదా అని కొత్త కోడలినే పిలిచి అడిగేది. పెనిమిటి పౌలు, పాపం దేవుడి దగ్గర ఉన్నాడు, నిన్ను పోలీసోళ్లకిస్తే కుక్కల తిండి ఖర్చు మిగులుతుంది అని నవ్వేవాడు. అట్లా నలుగురూ మెచ్చుకుని మెచ్చుకుని పెంచిన ముక్కు అది. మెచ్చుకోళ్లు ఎక్కువ తిన్న పిల్లాడు ఏదో ఒకనాడు ఊరి మీదికి తగాదా తేకమానడు, ముక్కయినా అంతే.

గాలి ఇటు తిరిగింది. బంకులో లారీ ఆగినట్టుంది, కాలిన డీజిలు, వేడి టైరు, పంజాబు డ్రైవరు జేబులోని సోంపు, మూడూ విడివిడిగా వచ్చాయి. బావి నీళ్ల వాసన మొదటిసారి వచ్చింది రెండేళ్ల కింద, వానలు వెనకపట్టిన రోజుల్లో, అన్నం ఉడుకుతుంటే. మూత తీయగానే ఆవిరిలో దీపపు బుడ్డి వాసన. గాసునూనె. చెయ్యి తగిలిందేమోనని గిన్నె తోమింది, బియ్యం మళ్లీ కడిగింది, బిందె కడిగింది. వాసన నీళ్లలోనే ఉంది. వాడలో పంచాయితీ మొదలైంది. మొదట పట్టుకున్నది మలేరియా వాళ్లను. వాళ్లు ఏటా వచ్చి గోడలకు తెల్లమందు కొట్టి, మురుగ్గుంటల్లో దోమల చావుకు నూనె పోసి పోతారు గదా, వాళ్లే బావిలో పోశారని తేల్చేశారు. మళ్లీ వచ్చిన మలేరియా పిల్లగాడిని ఆడవాళ్లంతా చుట్టుముట్టి, వాడి పంపు గుంజుకుని, చెంబెడు బావి నీళ్లు చేతికిచ్చి తాగమన్నారు. తాగి, ముఖం అష్టవంకరలు పెట్టి, నాకు ఇద్దరు పిల్లలు, వాళ్ల మీద ఒట్టు, బావిలో పోయలేదమ్మా అని ఏడ్చినంత పని చేశాడు. పాపం, వాడికి ఆ సాయంత్రం మొగులమ్మే మజ్జిగ ఇచ్చింది. ఆ తరువాత పెద్దరాములు రేడియోలో విన్నాడు, బొంబాయి సముద్రంలో నూనె పడిందని. ఆయన లెక్క ఆయనది. మనది బొంబాయి రోడ్డే గదా, అక్కడ పడ్డ నూనె వరసన ఇక్కడ కూడా ఉంటుంది గదా అన్నాడు. రాత్రికి రాత్రి తన చెలక చుట్టూ తుమ్మముళ్లు నాటి, సర్కారు వాళ్లు వస్తే నన్ను అడగకుండా లోపలికి రావద్దని చెప్పండి అని అందరికీ చెప్పుకున్నాడు. నూనె బావి తవ్వినప్పుడు ఎవరెవరికి ఏ కొలువు ఇవ్వాలో కూడా పంచాడు. సౌభాగ్యమ్మకు వాసన చూసే కొలువు. ఆ మాటకు వాడంతా నెల రోజులు నవ్వింది, ఆమె ఇప్పుడు కూడా ఒక్కతే నవ్వుకుంది, తమలపాకు రసం గొంతుకు అడ్డం పడి దగ్గింది.

దగ్గి, చెయ్యి ఆనించుకునేసరికి, చెయ్యి పోయి గాడి మీద పడింది. ఈ బావికి గిరక లేదు. చుట్టూ నాలుగు బండలు పరిచి ఉన్నాయి, నాలుగు ఇళ్లకు నాలుగు, ఎవరి బండ మీద నిలబడి వాళ్లే తోడుకోవాలి. అత్తల అత్తల నాటి నుంచీ తాళ్లు ఒరుసుకుని ఒరుసుకుని, బండకొక గాడి, నున్నగా, వేలు పెడితే పట్టేంత. ఒకరి గాడిలో ఒకరు తాడు వెయ్యరు, అది ఎవరూ చెప్పని కట్టుబాటు. చుట్టాలొచ్చి తెలియక వేస్తే పక్కవాళ్లు నవ్వి చెబుతారు. సౌభాగ్యమ్మ చెయ్యి పడింది మొగులమ్మ గాడి మీద. ఇద్దరూ ఒకే ఏడు కాపురానికి వచ్చారు, పక్కపక్క బండలు. మొగులమ్మ తాడు వేస్తుంటే తనూ వేసేది, ఆమె గుంజుతుంటే తనూ గుంజేది, నలభై ఏళ్లు రెండు బొక్కెనలూ బావిలో ఒకదానికొకటి తగిలి ఖంగుమన్న చప్పుడుతోనే ఆ రెండిళ్లకూ తెల్లవారింది. ఇప్పుడా గాడిలో కుమ్మరిపురుగు మట్టిగూడు పెట్టుకుంది. వేలితో తాకింది. ఎండి గట్టిగా ఉంది.

ఆ పేరు తన నోటి నుంచి వచ్చిన సాయంత్రం కూడా మొగులమ్మ ఇక్కడే నిలబడి ఉంది. ఆమె కొడుకు సంగప్పకు కంట్రోలు గాసునూనె అమ్మే దుకాణం, డ్రమ్ము ఇంటి అరుగు మీదే ఉంటుంది, కొడుకు లేనప్పుడు తల్లే సీసాలకు కొలిచి పోస్తుంది. తోడుకోవడం అయిపోయి తాడు చుడుతోంది. గాలి ఇటు తిరిగింది, ఇదిగో ఇప్పుడు తిరిగినట్టే, ముక్కు లేచింది. సౌభాగ్యమ్మ పోయి ఆ తాడు కొస అందుకుని, నలుగురు ఆడవాళ్లు చూస్తుండగా ముక్కు దగ్గర పెట్టుకుంది. దొరికింది అని సంతోషపడింది కూడా. అదే ఇప్పుడు తలుచుకుంటే సిగ్గు, దొంగ దొరికినందుకు కాదు, తన ముక్కు గెలిచినందుకు సంతోషపడింది. నూనె కొలిచిన చేతులతో బావిలో చేద వేస్తే ఇంకేమవుతుంది వదినె అని అనేసింది, నవ్వుతూనే అంది, నవ్వుతూ అన్న మాట నలుగురిలో మరీ లోతుకు దిగుతుందని అప్పుడు తోచలేదు. మొగులమ్మ తిట్టి ఉంటే బాగుండేది, తిట్లలో ఆమెను మించినవాళ్లు ఈ రోడ్డు మీద లేరు. మోచేతికీ బొటనవేలికీ మధ్య తాడు చుట్టుకుంది, మోచెయ్యి, బొటనవేలు, మోచెయ్యి, బొటనవేలు, పూర్తిగా చుట్టింది, బిందె చంకనెత్తుకుంది, పోయింది. అంతే.

ఆ తరువాత నాలుగు నెలలకు ఎవరి నోటికీ ఆ నీళ్లు పోలేదు, అందరూ పెద్దరాములు చెలకలోని దిగుడుబావికి నడవవలసి వచ్చింది, మొగులమ్మ చేద వెయ్యడం మానినా వాసన పెరిగిందే గాని తగ్గలేదు. అప్పుడైనా అనుకోవాలి గదా. అనుకుంది, లోపల. పైకి రాలేదు. మాట బయటికి రావడానికి ఒక గుమ్మం కావాలి, ఆ గుమ్మం ఏదో ఆమెకు దొరకలేదు. ఏడాదిన్నరగా పొద్దున్నే ఇద్దరూ అదే బాటలో నడుస్తున్నారు, ఒకరు ముందు, యాభై అడుగులు వెనక ఇంకొకరు. ముందున్నామె తుమ్మకంప పక్కకు లాగి పెడుతుంది, వెనకామె కాలికి గుచ్చుకోకుండా. రోజూ మారుతుంది ఎవరు ముందన్నది. కంప లాగడం మాత్రం మారలేదు. మాట లేదు గాని ఆ కంప ఉంది. పోయిన వానల్లో తను జ్వరంతో నాలుగు రోజులు పోకపోతే, ఐదో నాడు వాకిట్లో నిండు బిందె ఉంది, ఎవరు పెట్టారని అడగలేదు, మూతి మీది సొట్ట చూసి ఎవరి బిందో గుర్తుపట్టింది. ఖాళీ చేసి, తోమి, చీకటి పడ్డాక వాళ్ల అరుగు మీద పెట్టి వచ్చింది. ఇట్లాంటి పగను ఏమంటారో. పగ కాదు. పాత చీరలో చిరుగు, కుట్టుకుంటే సరిపోతుంది, సూది కనిపించడం లేదు.

ఏడో బొక్క దగ్గర బర్మా కిర్రుమంటోంది. సూర్యారావు తుమ్మాడు. ఆయన వచ్చింది ఆరు రోజుల కింద, మిషను బడి దయావతి టీచరు రాసిన అర్జీ మీద. కోస్తా మనిషి, మాట సాగుతుంది, ఇక్కడి చలి పడక వచ్చిన నాటి నుంచీ జలుబు. వాసన పట్టే ఉద్యోగానికి జలుబు మనిషిని పంపారని యాదన్న నవ్వితే, అందుకే గదా మామ్మగారున్నారు అన్నాడు సారు. ఆయన చేసినది చిన్న పని కాదు, ప్రతి బొక్క మట్టినీ తెచ్చి ఆమె చేతిలో పెట్టి, మామ్మగారూ కాస్త చూడండి అన్నాడు. మామ్మగారంట. గారంట. ఈ వయసుకు ఒక ఆఫీసరు తన ముక్కును పిలిచి గౌరవం చేశాడు, పౌలు ఉంటే ఎట్లా మురిసేవాడో. మంచి పిల్లాడు. టేపుకు సుద్ద రాసి బావుల్లోకి వదిలి, ఎక్కడిదాకా తడిసిందో చూసి, ఈ వాడ కింద నీళ్లు బంకు దిక్కు నుంచి ఈ బావి దిక్కే నడుస్తున్నాయని చెప్పాడు. నీళ్లు నేల కింద నడుస్తాయంటే మొదట నవ్వొచ్చింది, తరువాత బాగా అనిపించింది, చీకట్లో ఎవరూ చూడకుండా చుట్టాలింటికి పోయే ముసలమ్మలా. పాత సంగతులు కూడా అడిగాడు, కరువు నాడు నీళ్లెంత లోతుకు పోయాయి, మీ తాళ్లు ఎన్ని బారలు అని. డెబ్బై రెండు కరువులో ఎవరి తాడు ఎంత పొడుగయిందో అందరూ తలో లెక్క చెప్పారు. మొగులమ్మ ఇంటికి కూడా పోయాడట. పది బారలు అని ఒక్క మాట చెప్పి లోపలికి పోయిందట. సరిగ్గా పదే.

బంకు సేటు మాత్రం వచ్చిన ప్రతి వాడికీ ఒకటే చెబుతున్నాడు, బావి పక్కనే గాసునూనె అమ్మే ఇల్లు ఉంటే నా ట్యాంకీ మీద పడతారేంది, వాడవాళ్లే ఆమె తాడు వాసన చూసి పట్టుకున్నారు గదా అని. తన మాటే. తను విసిరిన రాయినే వాడు ఏరుకుని విసురుతున్నాడు. కాగితం మీద అదే పడితే సంగప్ప దుకాణం పోతుంది, దుకాణం పోతే పోయింది, మొగులమ్మ బావి చెరిపిందన్న మాట ముద్ర పడి నిలిచిపోతుంది. తాడు వాసన చూసి పట్టుకున్నారు. సౌభాగ్యమ్మ ఒళ్లోని తన తాడు వైపు చూసింది. సారు చివర్లో సీసాకు నీళ్లు పట్టాలంటే ఇవాళే కొక్కెం మీది నుంచి దించి తెచ్చింది, ఏడాదిన్నరగా పొడిగా వేలాడుతున్న తాడు. ఎందుకో కొస ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఉంది. సన్నగా, పీచు లోపల దాక్కుని, అదే వాసన. తన ఇంట్లో డ్రమ్ము లేదు, సీసాలు లేవు. బావిలో మునిగిన ఏ తాడుకైనా బావి వాసనే వస్తుంది. ఆ సాయంత్రం ఆ నలుగురి తాళ్లూ వాసన చూసి ఉంటే నలుగురూ దొంగలే. ఇంత ముక్కు పెట్టుకుని, అందరి కుండలూ వాసన చూసిన మనిషి, తన తాడు ఒక్కసారి చూసుకోలేదు.

నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి, రెండూ ఒకేసారి రావడం ఈ మధ్య అలవాటయింది. రేపు నెల మొదటి ఆదివారం, గుడిలో రొట్టె పంచే ప్రభువు బల్ల. పొరుగువారితో తగవు పెట్టుకుని ఆ రొట్టె ముట్టకూడదు. రెండేళ్ల నుంచి ఆమె బల్ల దగ్గరికి పోవడం లేదు, మోకాళ్లు నొప్పి, మెట్లు ఎక్కలేను అని పాస్టరు కృపానందంగారితో చెబుతోంది. అక్కడున్నది ఒకటే మెట్టు. ఆయన రొట్టె పళ్లెంతో ముందుకు పోతూ ఒక్క క్షణం ఆగి చూస్తాడు, అంతే. మొగులమ్మ ఆ గుడికి వచ్చే మనిషి కాదు, మైసమ్మకు బోనమెత్తే మనిషి. పొరుగువారంటే గుడికొచ్చే పొరుగువారే అని సర్దిచెప్పుకోవచ్చు. ముక్కును మోసం చేయవచ్చు గాని ఆ ఒక్క మెట్టును మోసం చేయలేకపోయింది.

టక్ మంది. ఏడో బొక్కలో బర్మా రాతికి తగిలింది. బంకుకూ బావికీ నడుమ ఎక్కడ తిప్పినా ఇంతే, మూడడుగులకు రాయి, అందుకే సారు పక్కలకు పోయి తవ్వించాడు, పక్కల ఏమీ లేదు. యాదన్న చేతులు దులుపుకుని, ఇగ బండనే సారూ, బర్మా పోదు అన్నాడు. బండ కాదు, గుండు, అనుకుంది సౌభాగ్యమ్మ ఊరికే, మనసులోనే. బండైతే పరుచుకుని ఉంటుంది, అది గుండు, గుండ్రంగా, ఏనుగు పడుకున్నట్టు. తనెట్లా ఎరుగును? ఎరుగకేం, దాని చుట్టూ మట్టి మోసింది తనే గదా. పదేళ్ల కింద ఈ బంకు కడుతున్నప్పుడు ట్యాంకీ గొయ్యి తవ్విన కూలీల్లో తనూ మొగులమ్మా ఉన్నారు. పౌలు గడ్డపారతో తవ్వేవాడు, వీళ్లిద్దరూ తట్టలు ఎత్తేవాళ్లు. ఎంత ఎండ, ఎంత నవ్వు. ట్యాంకీ లారీ మీద వచ్చిన రోజు వాడలో పండుగ. అంత పెద్ద ఇనుప పీపా ఎవరూ చూడలేదు, కింద పెట్టగానే మొగులమ్మ దాని నోట్లో తలపెట్టి తన అత్త పేరు పెట్టి పిలిచింది, లోపలి నుంచి పదిమంది అత్తలు పలికారు, ఒక అత్తతోనే చావొచ్చింది ఇంతమందా అని మొగులమ్మ భయపడినట్టు నటించి వెనక్కి గెంతింది, మేస్త్రీ కూడా నవ్వాడు. అదంతా ఒక ఎత్తు. గోతిలో గుండు అడ్డం వచ్చింది. పగలగొట్టబోతే పగల్లేదు. దాని పక్కన చిన్న కందకం తీసి, ట్యాంకీని అటు ఒరిగించి దింపుదామన్నారు. తాళ్లు కట్టి దింపుతుంటే ఒక మోకు తెగింది. ట్యాంకీ జారి గుండు మీద పడింది. ఆ చప్పుడు. గుడిగంట కింద పడితే వచ్చే చప్పుడు. మేస్త్రీ దిగి చూసి ఏం కాలేదు, చిన్న సొట్ట, నల్లరంగు పూస్తే సరి అన్నాడు. పూశారు. కందకంలోకి ఇటుక ముక్కలూ ఇసుకా పోసి పూడ్చింది ఎవరు? వీళ్లిద్దరే. చివరి తట్ట కుమ్మరించి, తుమ్మచెట్టు నీడన సద్ది విప్పుకుని తింటుంటే మొగులమ్మ అంది, పొట్టకు దెబ్బ తగిలింది వదినె దానికి, కడుపుతోనున్నదానికి తగిలినట్టు, ఇవాళ తెలవదు, ఎప్పుడో తెలుస్తది.

తుమ్మచెట్టు. సౌభాగ్యమ్మ లేచి నిలబడింది. తాడు చుట్ట ఒళ్లోంచి కింద పడింది. తుమ్మచెట్టు కొట్టేసిన చోటే గదా ఇప్పుడు గాలి కొట్టే మిషను పెట్టారు. ఏడు బొక్కల్లో ఒక్కటి కూడా దాని దగ్గర లేదు, అది పక్కకు ఉంది, ఇటు బావి వరసలో లేదు. ఆ కందకం గుండు పొట్ట వెంబడి తిరిగి ఇటే వస్తుంది, ఇసుక నింపిన కందకం, నీళ్లూ నూనే కూర్చోవడానికి తొట్టి కట్టినట్టు. మోకాళ్ల నొప్పి ఏమైందో, చెప్పులు వేసుకోకుండానే నూరడుగులూ నడిచింది. సూర్యారావు సీసాలు పెట్టెలో సర్దుకుంటున్నాడు. సేటు కుర్చీలో కూర్చుని ఆయనకు చాయ్ తెప్పించాడు.

"సారూ, ఇంకొక్క బొక్క," అంది.

సూర్యారావు ముక్కు తుడుచుకున్నాడు. "రాయి తగిలింది కదా మామ్మగారూ. జీపు వచ్చే వేళయింది."

"రాయి పక్కన కందకమున్నది. నేను నింపిన. నేను, మొగులమ్మ, ఇద్దరం నింపినం. ట్యాంకీ గుండు మీద పడి సొట్ట వడ్డది ఆడనే. ఈ గాలి మిషను కింద."

సేటు కుర్చీలోంచి సగం లేచి, పదేండ్ల కిందటి ముచ్చట నీకేం యాదుంటది ముసలమ్మా అన్నాడు. ఆ నాడు నువ్వు తెచ్చిన బుందీలో ఉప్పెక్కువయింది, అది కూడ యాదున్నది కొడకా, అంది సౌభాగ్యమ్మ. యాదన్న నవ్వాపుకోలేక బర్మా భుజాన వేసుకుని గాలి మిషను పక్కకు పోయాడు. సూర్యారావు ఆమె ముఖం చూశాడు, చేతి గడియారం చూశాడు, మళ్లీ ముఖం చూశాడు, పెట్టె మూత తెరిచిపెట్టాడు.

బర్మా దిగింది. రెండడుగులు, మూడు. టక్ మనలేదు. ఇటుక ముక్కలు కరకరమన్నాయి. నాలుగు. ఇసుక వచ్చింది, పసుపుపచ్చగా, మంజీర ఇసుక, తన తలమీద మోసిన ఇసుకే, పదేళ్లకు మళ్లీ ఎండ చూసింది. ఐదో అడుగుకు నల్లబడింది. సారు మట్టి తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు, ఆమె ముక్కు దాకా ఎత్తనే లేదు, అక్కర లేకపోయింది; అక్కడున్న ప్రతి వాడి ముక్కుకూ అందింది, జలుబు సారుకు కూడా అందింది. యాదన్న బీడీ వెలిగించబోతుంటే సారు గట్టిగా కేకవేసి ఆపాడు. తరువాత ఆయన సేటుతో నెమ్మదిగానే మాట్లాడాడు, ట్యాంకీ ఈ రోజే ఖాళీ చెయ్యాలి, తవ్వి తియ్యాలి అని, సేటు చాయ్ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. ఆమె ఆ మాటలు సగమే విన్నది. బావి ఎప్పటికి బాగుపడుతుంది అని మాత్రం అడిగింది. తోడాలి మామ్మగారూ, అన్నాడు, తోడి దూరంగా గుంట తీసి అందులో పారబోయాలి, పొలంలోకి వద్దు, దగ్గర నిప్పు వద్దు. రోజూ తోడాలి, ఏడాది పట్టొచ్చు, మూడేళ్లు పట్టొచ్చు, చెప్పలేను, కానీ తోడుతుంటే తగ్గుతుంది. ఇప్పుడు ముందు ఒక బొక్కెన తోడిపెట్టండి, సీసాకు పట్టుకుంటాను. ఆమె సరేనని బావి దాకా వచ్చి, కిందపడ్డ తన తాడు అందుకోబోయి, ఆగి, దాన్ని అక్కడే వదిలేసి, గుప్పిట్లో నల్లమట్టి అట్లాగే పట్టుకుని, రెండేళ్లుగా పగలు తొక్కని గడప వైపు నడిచింది.

మొగులమ్మ అరుగు మీద కందులు చెరుగుతోంది. చేట ఆగలేదు. సౌభాగ్యమ్మ గుప్పిట తెరిచి మట్టిని చేట పక్కన పెట్టింది. దారిలో ఎన్నో మాటలు కూర్చుకుంది, బైబిలు మాటలు కూడా రెండు, ఒక్కటీ నోటికి రాలేదు.

"ట్యాంకీ పొట్టది," అంది. "నువ్వు ఆనాడే చెప్తివి. నాకు ఇయాళ యాదికొచ్చింది."

చేట ఆగింది. మొగులమ్మ ఆ మట్టిని వేలితో కదిపి, ముక్కు చిట్లించింది.

"తప్పయింది వదినె. నా తాడుకు కూడ గదే వాసనున్నది. సూసుకోలె."

మొగులమ్మ మళ్లీ చేట అందుకుని రెండుసార్లు చెరిగింది. లోపల ఎక్కడో పిల్లి పాలగిన్నె కదిపింది, దాన్ని అదిలించడానికి కూడా ఎవరూ లేవలేదు.

"అంత పెద్ద ముక్కు దేవుడు ఎదుటోళ్ల కొరకే ఇస్తడు," అంది మొగులమ్మ చివరికి. "ఇగ ఏమంటడు సారు?"

"తోడి పారబోయాలంట. రోజు. ఏండ్లు పడ్తదంట. నా ఒక్కదాంతోని ఏమైతది?"

"తాగనీకి పనికిరాలె నేను. పారబోసేందుకు పనికొచ్చిన్నా?"

సౌభాగ్యమ్మకు నవ్వొచ్చింది, ఆపుకుంది, ఆపుకుంటున్నది మొగులమ్మ చూసింది. చూసి, మోకాలి మీద చెయ్యి ఊని లేచి లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు చేతిలో తాడు ఉంది, చుట్టిన చుట్ట చుట్టినట్టే, మోచేతికీ బొటనవేలికీ మధ్య ఆ సాయంత్రం చుట్టినదే, రెండేళ్లలో విప్పలేదు. ఇద్దరూ బావి దాకా నడిచారు. ఈసారి ముందూ వెనకా లేదు, బాట ఇరుకై భుజాలు రాసుకున్నాయి. మొగులమ్మ తన బండ ముందు నిలబడి గాడిలోని మట్టిగూడు చూసి, పురుగుకు కూడ నా జాగనే దొరికింది అని గొణిగి, గోటితో తవ్వి ఊడబెరికింది. తాడు వేసింది. తాడు ఎవరూ సర్దకుండానే గాడిలో కూర్చుంది. ఒక బార, రెండు బారలు, లోపల బొక్కెన నీళ్లకు తగిలి మునిగిన చప్పుడు వినిపించింది, ఆ చప్పుడుకు సౌభాగ్యమ్మ చేతులు తమంతట తామే కదిలి తన తాడు అందుకున్నాయి.

మొదటి బొక్కెన పైకి వచ్చింది, నీళ్ల మీద నూనె నెమలికన్ను రంగుల్లో తిరుగుతోంది. సారు సీసా నింపుకుని, మూత బిగించి, చీటీ అంటించాడు. దూరంగా పగటి సైరను కూసింది, జీపు హారను కూడా కొట్టింది. మిగిలిన నీళ్లు యాదన్న దూరంగా తీసిన గుంటలో పోసి వచ్చి, మొగులమ్మ మళ్లీ తాడు వదిలింది. పక్కన సౌభాగ్యమ్మ తాడు కూడా దిగింది. కింద చీకట్లో రెండు బొక్కెనలూ ఒకదానికొకటి తగిలి ఖంగుమన్నాయి.

"రేపు జెర ఆలస్యమైతది," అంది సౌభాగ్యమ్మ, తాడు గుంజుతూ. "రేపు బల్ల ఉన్నది."

బల్ల అంటే ఏమిటో, ఆ ఒక్క మెట్టు ఎక్కనని వదినె రెండేళ్లుగా ఎవరి కోసం మోకాళ్ల నొప్పి తెచ్చుకుందో, మొగులమ్మకు ఎవరు చెప్పారో గాని తెలిసే ఉంది.

"పో. రొట్టె తిని రా," అంది. "నేను తోడుతనే ఉంట."